డెబ్బై నాటి కార్సన్ బిళ్ల

కార్సన్ సిటీ,
1986 సెప్టెంబరు 14, ఆదివారం

మా డెనీసక్కకు,

ఈ ఉత్తరం బావ చేతిలో పడనివ్వకు. చదివేశాక పొయ్యిలో పడెయ్. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. మా ఇంట్లో ఫోను వంటింటి గోడకు ఉంది. ఆ గోడకు అవతల గ్యారేజీ. గ్యారేజీలో లాయ్డ్. నేను రాయబోయేది లాయ్డ్ గురించే.

అక్కా, నా మొగుడు దొంగ నాణేలు తయారుచేస్తున్నాడని నాకు అనుమానంగా ఉంది.

ఈ ఒక్క వాక్యం రాయడానికి వారం పట్టింది. రాశాక చూసుకుంటే నా చేతిరాతలాగే లేదు. ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి గురించి ఇలా రాస్తున్నానంటే ఎంత ఆలోచించి ఉంటానో నీకు తెలియనిది కాదు.

నీకు ఈ నాణేల గోల పట్టదు కాబట్టి కాస్త చెప్పాలి. మా ఊళ్లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న రాతి కట్టడం ఒకప్పుడు టంకశాల. పద్దెనిమిది వందల డెబ్బై నుంచి తొంభై మూడు దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్పించి, అక్కడ ఇరవై డాలర్ల బంగారు బిళ్లలు కొట్టారు. బిళ్ల వెనకవైపు గద్ద తోక కింద రెండు సన్నటి ‘సి’లు ఉంటాయి, మా ఊరి గుర్తుగా. ఫిలడెల్ఫియాలో కొట్టిన వాటికి ఆ గుర్తు ఉండదు. బంగారం అదే, బరువు అదే, బొమ్మ అదే. కానీ డెబ్బైలో ఇక్కడ కొట్టినవి ఇప్పుడు దేశం మొత్తం వెతికినా యాభై ఉండవట. ఉన్నవి కూడా అరిగి, గీతలు పడి, మనకైతే చూడ్డానికి ఏ అందమూ లేనివే. గుర్తు లేని డెబ్బై బిళ్ల తాకట్టు కొట్లో ఐదారు వందలకు దొరుకుతుంది. గుర్తున్నదైతే పన్నెండు వేలు. అంటే నువ్వుగింజలో సగం లేని ఆ రెండు అక్షరాల వెల పదకొండు వేల పైమాట.

లాయ్డ్ దగ్గర ఆ వరసలో పద్నాలుగు బిళ్లలున్నాయి. అందులో డెబ్బై నాటిది ఎలా వచ్చిందో నీకు తెలుసు. నాన్న పోయాక నా వాటాకి వచ్చిన పడమటి వాలు భూమిని ఏడేళ్ల కిందట, డెబ్బై తొమ్మిదిలో, మీకే అమ్మి, ఆ తొమ్మిది వేలు తెచ్చి లాయ్డ్ చేతిలో పెట్టాను. అతను దాన్ని వెండెల్ స్ట్రేక్ గారి దగ్గర కొన్నాడు. వెండెల్ ఇక్కడి నాణేల క్లబ్బుకి పెద్ద, లాయ్డ్‌కి ప్రాణ స్నేహితుడు. “నాన్న గొర్రెలు మేసిన నేలని బిళ్ల కింద మార్చుకుంటావుటే పిచ్చిమొహమా” అని నువ్వు ఫోన్‌లో అరిచావు. నిజంగానే పిచ్చిదాన్నేనేమో. కానీ ఆ బిళ్లని మొదటిసారి అరచేతిలో పెట్టుకున్నప్పుడు లాయ్డ్ మొహం నువ్వు చూడలేదు.

ఇక అసలు సంగతి. మే నెలనుంచి గ్యారేజీకి కొత్త తాళం పడింది. అతను డెంటల్ ల్యాబులో బంగారు పళ్లు పోతపోస్తాడని నీకు తెలుసు కదా. ఇంట్లో కూడా ఒక బల్ల, గ్యాసు మంట, మైనం, చిన్న కొలిమి ఎప్పుడూ ఉన్నవే. తాళం మాత్రం ఎప్పుడూ లేదు.

“తాళం దేనికి?” అని అడిగాను.

“యాసిడ్లున్నాయి జోసీ. నీకెందుకు ఆ గోల.”

“పాతికేళ్లుగా ఉన్నాయిగా యాసిడ్లు?”

“అప్పుడు నాకు మతి ఉండేది. ఇప్పుడు మూతలు పెట్టడం మర్చిపోతున్నా” అని నవ్వేశాడు. ఆ నవ్వు అతనిది కాదక్కా.

ఆదివారం భోజనాలయ్యాక ఆకుపచ్చ గుడ్డ పరిచి, బిళ్లలన్నీ వరసగా పేర్చి, విన్న కథలే నాకు మళ్లీ చెప్పేవాడు. అదీ మానేశాడు. శాక్రమెంటో నుంచి రైడర్ అని ఎవడో ఫోన్ చేస్తున్నాడు. మొన్న నేనే ఎత్తాను. “ముక్క సంగతి తేలిందా అని అడిగానని చెప్పండి” అన్నాడు. ఏం ముక్క అంటే పెట్టేశాడు.

పోయిన వారం లాయ్డ్ పని కోటు జేబు చిరిగితే కుట్టడానికి తీసుకున్నాను. లైనింగులోకి ఏదో జారి అంచులో గరుకుగా తగిలింది. విప్పి చూస్తే మూడు బంగారు రవ్వలు. పళ్ల పనిలో రాలిన పొట్టు అనుకుని పారెయ్యబోయాను. ఎందుకో అనుమానం వచ్చి, డ్రై క్లీనింగ్ షాపులో కుట్టుపనికి నేను వాడే భూతద్దం కింద పెట్టాను. మూడూ ‘సి’లే. అదే జేబులో రీనో తాకట్టు కొట్టు రసీదు ఒకటి: ఇరవై డాలర్ల బిళ్లలు, డెబ్బై నాటివి, గుర్తు లేనివి, రెండు.

నువ్వు తెలివిగలదానివి. ఇందులో మరో అర్థం ఏదైనా కనిపిస్తే వెంటనే రాయి. నాకైతే ఒక్కటే అర్థం కనిపిస్తోంది.

నీ చెల్లెలు,
జోసెట్

—

కార్సన్ సిటీ,
అక్టోబరు 8, బుధవారం

అక్కా, నా అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే నువ్వు చెప్పినట్టు చేశాను. “ఇంట్లో పెట్టుకుని కుమిలిపోకు, ఆ వెండెల్ పెద్దమనిషి అంటున్నావుగా, ఆయన చెవిన వెయ్యి” అని రాశావు. వేశాను. వెయ్యకుండా ఉండాల్సింది. నిన్ను తప్పుపట్టడం లేదు, వెళ్లిన కాళ్లు నావే.

వెండెల్ ఇంటికి వెళ్లేసరికి ఆయన వరండాలో కూర్చుని పైన్ గింజలు ఒలుస్తున్నాడు. డెబ్బై రెండేళ్లు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. “రా జోసెట్, వాడేడీ?” అన్నాడు. నేను చేతిరుమాలు విప్పి మూడు ‘సి’లూ ఆయన ముందు పెట్టాను. చెప్పాల్సిందంతా చెప్పాను.

అక్కా, ఆ మనిషి మొహంలో రక్తం లేకుండా పోయింది. చేతిలో గింజలు నేల మీద పడ్డాయి. వంగి వాటిని ఒక్కొక్కటే ఏరాడు. చివరికి, “ఇది ఇంకెవరికైనా చూపించావా?” అని అడిగాడు. మా అక్కకి రాశానన్నాను. “ఇంకెవరికీ చూపించకు. ఇవి నా దగ్గర వదిలి వెళ్లు” అన్నాడు. వదిలేసి వచ్చాను.

మూడో రోజు సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి నేరుగా గ్యారేజీలోకి వెళ్లాడు. నేను వంటింట్లో గొర్రెమాంసం ఉడికిస్తున్నాను. గోడ అవతల మాటలు మొదట వినపడలేదు. తర్వాత వినపడకుండా ఉండే మార్గం లేదు.

“ఇదేంటి లాయ్డ్? ఇవి నీ చేతిపని కాదని చెప్పు. చెప్తే నమ్ముతా.”

“నా పనే. ఎందుకు చేశానో నువ్వడుగుతున్నావా? నువ్వా?”

“అంటే?”

“ఏడేళ్ల కిందట తొమ్మిది వేలు తీసుకుని నాకు అంటగట్టావే, దాని అతుకు ఎలాంటిదో తేల్చుకుందామని చేశా. ఇప్పుడు తేలింది.”

“నీకు మతి పోయిందిరా!”

“నీ గుట్టు బయటపడే రోజొచ్చింది కాబట్టి నాకు మతి పోయినట్టే కనిపిస్తుంది నీకు!”

తర్వాత తలుపు ధనాలున పడింది. వెండెల్ కారు వెళ్లిపోయింది. లాయ్డ్ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆ ‘సి’లు ఆయనకు ఎవరిచ్చారని అడగలేదు. నా వంక చూశాడంతే. ఆ చూపు ఇంకా నా వీపు మీదే ఉన్నట్టుంది.

తర్వాత కుర్చీలో కూలబడి చెప్పాడు. మే నెలలో రీనోలో నాణేల ప్రదర్శనకి డెబ్బై బిళ్ల తీసుకెళ్లాడట. అక్కడ ఈ రైడర్ అనేవాడు దాన్ని భూతద్దంతో చూసి, “అక్షరాలు తర్వాత అతికించినవి బాబూ. ఫిలడెల్ఫియా బిళ్ల ఇది. పోనీలే, బంగారం ధరకి ఐదు వందలు ఇస్తా” అన్నాడట. లాయ్డ్ ఇవ్వలేదు. వాడు ఫోన్‌లో అడిగే ‘ముక్క’ ఆ బిళ్లేనట. కానీ ఇంటికొచ్చాక ల్యాబులో మైక్రోస్కోపు కింద పెడితే, ఆ రెండు అక్షరాల మొదట్లో నిజంగానే సన్నటి గీత కనిపించిందట, అతికిస్తే పడే గీతలాంటిది. అప్పటినుంచి నిద్ర లేదు. తనే గుర్తు లేని బిళ్లలు కొని, ‘సి’లు చేసి, టంకం పెట్టి అతికించి, ఆ గీతా ఈ గీతా ఒకటేనా అని పోల్చి చూస్తున్నాడట. ఒకటేలా ఉన్నాయన్నాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? మీ నాన్న నేల తీసుకెళ్లి గాజు పెంకుకి మార్చేశానని చెప్పనా?”

అక్కా, ఆ మాటకి కరిగిపోవాల్సింది. కరిగిపోలేదు. లోపల ఇంకో ఆలోచన పురుగులా దొలుస్తోంది. ఇదంతా కథ అయితే? అసలు బిళ్లని ఆ రైడర్‌కి ఎప్పుడో అమ్మేసి, తను చేసిన నకిలీనే నాకు చూపిస్తూ, నేరం వెండెల్ మీద వేస్తున్నాడేమో? చేతిలో పనితనం ఉంది, కొలిమి ఉంది, తాళం ఉంది. దొరికిపోయాక ఎవరైనా ఇలాగే కదా చెప్పేది. మరుక్షణం వెండెల్ మొహం గుర్తొస్తుంది. తప్పు చెయ్యని మనిషి మొహం అలా ఎందుకు పాలిపోవాలి? ‘ఇంకెవరికీ చూపించకు’ అని ఎందుకనాలి? పొద్దున ఒకడు దొంగ, మధ్యాహ్నం ఇంకొకడు దొంగ. షాపులో ప్యాంటు అంచులు కుడుతూ కూడా ఇదే లెక్క. నిన్న ఒక పెద్దాయన కోటుకి ఎడమ చెయ్యి పొట్టిగా కుట్టేశాను.

ఊరు చిన్నది కదా, గుప్పుమంది. ఎవరి నోటినుంచో తెలియదు. ల్యాబు యజమాని లాయ్డ్‌ని పిలిచి, “ఈ గొడవ తేలేదాకా రావొద్దు. ఇక్కడ బంగారంతో పని, నన్ను అర్థం చేసుకో” అన్నాడట. పద్దెనిమిదో తేదీ శనివారం క్లబ్బు సమావేశంలో అందరి ముందూ తేల్చుకుంటానని లాయ్డ్ కబురు పెట్టాడు. అప్పటిదాకా గ్యారేజీలో మడత మంచం మీద పడుకుంటున్నాడు. నాతో “ఉప్పు ఇలా ఇవ్వు” లాంటి మాటలు తప్ప ఏమీ లేవు.

నేనేం చెయ్యాలో తోచడం లేదు. నువ్వు దగ్గర ఉంటే బాగుండేది.

జోసెట్

—

కార్సన్ సిటీ,
అక్టోబరు 19, ఆదివారం

ప్రియమైన అక్కా,

నిన్నటి సంగతి ఇవాళే రాయకపోతే, రేపటికి నేను నన్ను కాస్త మంచిదాన్ని చేసుకుని రాస్తానేమోనని భయం.

క్లబ్బు వాళ్లు కలిసేది అగ్నిమాపక కేంద్రం వెనకున్న హాల్లో. మధ్యాహ్నం రెండు గంటలకి ఇరవై మందికి పైనే వచ్చారు. ఎప్పుడూ పదిమంది కూడా రారుట. కాఫీ, డోనట్లు ఎవరూ ముట్టుకోలేదు. లాయ్డ్ బల్ల మీద కొలిమి ఇటుక పెట్టాడు. గ్యాసు మంట, ఉక్కు పుల్ల, మైక్రోస్కోపు పెట్టాడు. పక్కన రెండు బిళ్లలు. ఒకటి తను ‘సి’లు అతికించింది. రెండోది మన డెబ్బై బిళ్ల. వెండెల్ ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వారంలో పదేళ్లు పైబడినట్టున్నాడు.

అందరూ వంతులవారీగా మైక్రోస్కోపులో చూశారు. గీత ఉందన్నారు కొందరు. అది అతుకు కాదు, దెబ్బ అన్నారు కొందరు.

“ఆ ఏడాదే ఇక్కడ టంకశాల మొదలైంది” అన్నాడు వెండెల్ నెమ్మదిగా. “పనివాళ్లకి చెయ్యి తిరగలేదు. అచ్చు మోటుగా పడింది. నువ్వు చూస్తున్న గీత అదే లాయ్డ్. కొన్న రోజునే నీకు చెప్పా.”

“చెప్పావు. అమ్మేవాడు చెప్పాల్సిందే చెప్పావు.”

క్లబ్బు కార్యదర్శి ఓపల్ అనే ముసలావిడ కల్పించుకుంది. “మీరిద్దరూ నోళ్లు మూసుకుని, దీన్ని తూర్పు రాష్ట్రాల్లో నాణేలు పరీక్షించే వాళ్లకి పంపండి. వాళ్లు చెప్తారు.”

“పంపుదాం” అన్నాడు వెండెల్ వెంటనే. “ఖర్చు నేను పెట్టుకుంటా.”

“రెండు నెలలు పడుతుంది” అన్నాడు లాయ్డ్. “ఈలోగా నేను దొంగనో నువ్వు దొంగవో ఈ ఊరే తీర్పు చెప్పేస్తుంది. నాకు ఉద్యోగం కూడా ఉండదు. ఇవాళే తేలాలి. టంకం బంగారం కంటే ముందే కరుగుతుంది. అతికించినవైతే మంట పెట్టగానే అక్షరాలు జారిపోతాయి.”

“జారకపోతే?” అంది ఓపల్.

జారకపోతే పన్నెండు వేల బిళ్ల నల్లగా కాలిపోయి ఉంటుంది.

వెండెల్ లేచి నిలబడ్డాడు. “వద్దు లాయ్డ్. నీకు దణ్ణం పెడతా, వద్దు. నన్ను దొంగనుకో, ఊరంతా అనుకోనీ. దాన్ని మాత్రం కాల్చకు.” గొంతు వణికింది.

అక్కా, ఆ వణుకు విని నేనేమనుకున్నానో తెలుసా? భయపడుతున్నాడు, దొరికిపోతానని భయపడుతున్నాడు అనుకున్నాను. హాల్లో సగం మంది అదే అనుకుని ఉంటారు. లాయ్డ్ కళ్లలో కూడా అదే మెరిసింది.

ముందు తన నకిలీని ఇటుక మీద పెట్టి మంట తగిలించాడు. ఒకటి రెండు నిమిషాలు. ఉక్కు పుల్లతో తాకగానే రెండు ‘సి’లూ పక్కకి జారిపోయాయి. అబ్బా అన్నారందరూ. అప్పుడు మన బిళ్ల తీసి ఇటుక మీద పెట్టాడు. మంట వెలిగించబోయి ఆగి, నావైపు తిరిగాడు. పది రోజుల్లో అదే మొదటిసారి అతను నన్ను సూటిగా చూడటం.

“ఇది నాది కాదు జోసీ. మీ నాన్న నేల. నువ్వు వద్దంటే ఇప్పుడే జేబులో పెట్టుకుని ఇంటికి పోదాం.”

అందరూ నన్నే చూస్తున్నారు. నేను లాయ్డ్ మొహం చూశాను. దొంగ నాణేలు చేసే మనిషి అయితే ఇలా అడగడు. అసలుది అమ్ముకున్నవాడైతే ఇంతమంది ముందు ఇంత తెగించడు. నెల రోజులుగా నా లోపల గింగిరాలు తిరిగిందంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ‘నా మనిషి దొంగ కాడు’ అనుకున్నాను. అంతవరకు బాగానే ఉంది. వెంటనే ‘అయితే వెండెల్ దొంగ’ అనుకున్నాను. మూడోది ఉంటుందని నాకు తోచలేదు.

“కాల్చు” అన్నాను.

కాల్చాడు. బిళ్ల ముందు ఊదారంగుకి తిరిగింది. తర్వాత నల్లబడింది. తర్వాత మసక ఎరుపు. పుల్లతో తాకాడు. కదల్లేదు. ఇంకా మంట పెట్టాడు. మళ్లీ తాకాడు. నొక్కాడు. కదల్లేదు. అతని చెవుల మీదినుంచి చెమట కారుతోంది. బిళ్ల అంచు వెంబడి ఉన్న గంట్లు మెత్తబడి వంగడం మొదలెట్టాయి.

“ఆపవయ్యా, చాలు!” అని ఓపల్ అరిచింది.

మంట ఆగింది. చల్లారేదాకా ఎవరూ కదల్లేదు. వెండెల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. లాయ్డ్ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశాడు. ఎంతసేపంటే, ఇక తలెత్తడేమో అనుకున్నాను.

“అతుకు కాదు” అన్నాడు. “ఇది అచ్చులో పడిందే. అసలుది.” తర్వాత, “వెండెల్, తప్పు నాది” అన్నాడు.

వెండెల్ టోపీ తీసుకున్నాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. “ఏడేళ్లుగా నా ఇంట్లో నువ్వు తిన్నావు, నీ ఇంట్లో నేను తిన్నా. మే నెలలో నన్నొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదరా” అన్నాడు. నా వంక చూడను కూడా చూడలేదు.

ఆయన వెళ్లాక ఓపల్ నా దగ్గరకొచ్చి కూర్చుంది. ఆ రోజు నేను ‘సి’లు చూపించాక వెండెల్ ఆమెకి ఒక్కదానికే ఫోన్ చేశాడట. లాయ్డ్ జైలుకి పోకుండా ఎలా కాపాడటం అని అడిగాడట. మొహం పాలిపోయింది అందుకు. ఆ ‘సి’లు తన దగ్గర దాచింది అందుకు. ఆ బిళ్లకి వేరేచోట ఇంకో రెండు వేలు ఎక్కువ వచ్చేదట, ఈ ఊళ్లోనే ఉండాలని మాకిచ్చాడట. ఇదంతా వింటుంటే నాకు అక్కడి నేల విచ్చుకుని మింగేస్తే బాగుండుననిపించింది.

కార్లో చాలా దూరం వచ్చాక లాయ్డ్ అన్నాడు, “నన్ను దొంగనుకున్నావు.”

“అనుకున్నాను.”

“మరి కాల్చమన్నావేం?”

“అప్పటికి అనుకోవడం మానేశాను.”

“నాదే కదా తప్పు, చివరికి.”

“తప్పు. దొంగతనం కాదు.”

ఇంటికొచ్చాక గ్యారేజీలో మడత మంచం మడిచి గోడకి చేరేశాడు. ఇవాళ పొద్దున వెళ్లి వెండెల్ వరండా మెట్ల మీద రెండు గంటలు కూర్చుని వచ్చాడు. తలుపు తెరుచుకోలేదు. రేపూ వెళ్తానన్నాడు. రైడర్ సంగతి అడిగితే, “వాడికేం. ఐదొందలకి పన్నెండు వేలది కొట్టేద్దామనుకున్నాడు. ఒక్క మాట వదిలాడు. మిగతా పనంతా నేనే చేశా” అన్నాడు. అనుమానం నిజమని తేలి ఉంటే ఇంత సిగ్గుగా ఉండేది కాదేమో మాకు. కాలిన బిళ్లకి మూడు వేలిస్తామని రీనో నుంచి అప్పుడే ఎవరో కబురు పెట్టారు. అమ్మనన్నాడు.

ఈ ఆరు నెలల్లో అతను స్నేహితుణ్ణి అనుమానించాడు, నేను మొగుణ్ణి అనుమానించాను, ఇద్దరం కలిసి ఒక ముసలాయన గుండె కోసేశాం. షాపుకొచ్చే వాళ్లని, తపాలా మనిషిని, ఫోనుని కూడా అనుమానించాను. నా బతుకులో నేను ఎప్పుడూ ఒక్క క్షణం కూడా అనుమానించని మనిషివి నువ్వొక్కదానివే అక్కా. ఆ ఒక్క ఊతం లేకపోతే ఏమైపోయేదాన్నో.

నీ
జోసెట్

—

ఎల్కో,
అక్టోబరు 27

చిట్టి చెల్లీ,

నీ మూడు ఉత్తరాలూ కాల్చలేదు. పిండి డబ్బాలో దాచాను. చివరిది నాలుగు సార్లు చదివాను. నాలుగోసారి ఆఖరి పేరా దగ్గర ఆగిపోయి, గొర్రెలకి నీళ్లు పెట్టడం కూడా మర్చిపోయాను. ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియక వారం గడిచింది. నువ్వు మొదటి ఉత్తరంలో రాసేసినట్టే రాసేస్తాను.

నువ్వు అనుమానించాల్సిన మనిషిని నేను.

డెబ్బై తొమ్మిది మార్చిలో గనుల కంపెనీ మనుషులు ఇద్దరు ట్రక్కులో వచ్చారు. పడమటి వాలులో, అంటే నీ వాటాలో, నాన్న గుడారం వేసుకునే చోట నేలకి తూట్లు పొడిచి మట్టి పట్టుకెళ్లారు. కంటికి కనిపించనంత సన్నటి బంగారం ఆ మట్టిలో ఉండొచ్చన్నారు. ఉందని చెప్పలేదు, ఉండొచ్చన్నారు. సరిగ్గా మూడు వారాలకి నువ్వు ఫోన్ చేసి, లాయ్డ్ ఏదో బిళ్ల కొంటాడట, నా వాటా మీరే తీసుకోండి అన్నావు. “దానికేం చెప్పకు. గొర్రెల నేల ధరకే అడుగు” అన్నాడు మీ బావ. ఇంకా ఏమీ తేలలేదు కదా అని నేను నాకు నచ్చజెప్పుకున్నాను. నిన్ను పిచ్చిమొహమా అని ఎందుకు తిట్టానో తెలుసా? సిగ్గుపడి, ధర గురించి మాట్లాడకుండా సంతకం పెడతావని. పెట్టావు.

ఎనభై రెండులో ఆ కంపెనీ తవ్వకానికి ఆ భూమిని లీజుకి తీసుకుంది. మా కొత్త ఇల్లు, రెండు ట్రక్కులు ఆ డబ్బుతో వచ్చినవే. నీకు ఉన్ని ధర బాగా పలికిందని చెప్పాను. ఎనభై మూడు క్రిస్మస్‌కి మీరు వస్తే, దారి బురదగా ఉందని ఉత్తరం వైపునుంచి తిప్పి తీసుకొచ్చాను. తవ్వకం గుంటలు కనిపిస్తాయని. అప్పటినుంచి నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ కవరు చింపడానికి భయపడేదాన్ని. సెప్టెంబరులో నీ కవరు చింపగానే ‘అనుమానంగా ఉంది’ అన్న మాట మీద కన్ను పడింది. తెలిసిపోయింది అనుకుని కుర్చీలో కూర్చుండిపోయాను. లాయ్డ్ గురించి అని తెలిశాక ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో చెబితే నువ్వు నన్ను జన్మలో క్షమించవు. వెండెల్ దగ్గరికి వెళ్లమన్నది నీ మంచికోరి కాదే. నీ కళ్లు ఎటైనా తిరగనీ, ఇటు తిరగకపోతే చాలని. ఆ ముసలాయనకి జరిగినదాంట్లో నా వంతు కూడా ఉంది. అది లాయ్డ్‌కి చెప్పు, ఆయనకి కూడా చెప్పు.

గురువారం ఊళ్లో లాయరు దగ్గరికి వెళ్లాను. నీ వాటా నేల మీద వచ్చినదీ, రాబోయేదీ నీ పేరన రాయమన్నాను. బావకి ఇవాళ పొద్దున చెప్పాను. టోపీ పెట్టుకుని మంద దగ్గరికి పోయాడు. ఇంకా రాలేదు. వచ్చాక ఏమవుతుందో తెలియదు. ఏమైనా సరే, ఆ కాగితాలు వెనక్కి తీసుకోను.

క్షమించమని అడగను. మంచు పడకముందే లాయ్డ్‌ని తీసుకుని రా. ఉత్తరం వైపు వద్దు, పడమటి దారిలో రా. గుంటలన్నీ రోడ్డు పక్కనే ఉంటాయి. అక్కడ కారు ఆపి, నాన్న గుడారం ఎక్కడుండేదో లాయ్డ్‌కి చూపించు, గుర్తుపట్టగలిగితే. చూశాక ఇంటిదాకా రావాలో అటునుంచి అటే తిరిగిపోవాలో నీ ఇష్టం. నేను గుమ్మంలో నిలబడి ఉంటాను.

డెనీస్